మావాడి గాలం

డెబ్బయి అయిదేళ్లు నిండిన తరువాత చేపలు పట్టడం నేర్చుకొన్నానంటే, ఈ పత్రిక చదివే అమ్మలక్కలు నవ్వుతారని నాకు తెలుసు. "జీవితమంతా బడిలో లెక్కలు చెప్పిన పెద్దమనిషికి ఇదేం బుద్ధి!" అని మా వీధివారు ఒకరిద్దరు ఇప్పటికే అన్నారు కూడా. అననీండి. బరంపురంలో పుట్టి, ఒరియావారి ఇళ్ల నడుమ చేపల పులుసు వాసన పీల్చుకొంటూ పెరిగి, ముసలితనంలో సముద్రాలు దాటి వెళ్లిన నాకు అమెరికాలో ఒక చిన్న చెరువుగట్టున జరిగిన సంగతి ఇది.

2024 ఏప్రిల్ ఆఖరున మావాడు టిక్కెట్టు పంపాడు. వాడు జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి ఉత్తరాన ఒక చిన్న వూళ్లో వుంటున్నాడు. 2001లో దేశం విడిచి వెళ్లినవాడు అక్కడే స్థిరపడ్డాడు. నేను వాడి యింటికి వెళ్లడం అదే మొదటిసారి. మా ఆవిడ బ్రతికి వున్న రోజుల్లో "ఒక్కసారి వెళ్లి వద్దామండీ" అని ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నేనే ఏదో ఒక సాకు చెప్పి దాటవేసేవాణ్ని.

2021 మే నెలలో, ఆ కరోనా రెండోసారి విజృంభించినప్పుడు, ఆవిడ నాలుగు రోజుల్లో దాటిపోయింది. మావాడు రాలేదు. విమానాలు సరిగా లేవు, బయలుదేరినా వేళకు అందడు; ఇదంతా నాకు తెలియనిది కాదు. కాని ఆ రోజు వాడు ఫోనులోనైనా ముఖం చూపించలేదు. మా మేనల్లుడు ఫోను ఎత్తిపట్టి చితి చూపిస్తూవుంటే, అవతలనుంచి మాట మాత్రం వచ్చింది. అదైనా రెండే ముక్కలు. "కన్నతల్లి పోతే ముఖం చూపడానికైనా తీరిక లేకపోయిందా వీడికి" అనుకొన్నాను. పైకి అనలేదు. పైకి అనని మాట లోపల వేళ్లు తన్నుతుంది. ఆ తరువాత మూడేళ్లూ వాడు ప్రతి ఆదివారం ఫోను చేస్తూనే వున్నాడు. "మందులు వేసుకొంటున్నారా నాన్నగారూ?" అంటే "వేసుకొంటున్నాను" అనేవాణ్ని. "వంటకు మనిషి వస్తున్నదా?" అంటే "వస్తున్నది" అనేవాణ్ని. అంతకుమించి మా మధ్య మాట లేదు.

అయినా మనుమరాలిని చూడాలన్న ఆశ వుంది కదా! ప్రయాణానికి పెట్టె సర్దుకొంటూ, శాలువాకోసం మా ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాను. పట్టుచీరల అడుగున ఒక పాత జరదా డబ్బా కనిపించింది. ఆవిడ తాంబూలం వేసుకొనేది కాని జరదా ఎరుగదు. ఏమిటా అని మూత తీశాను. నూనె గుడ్డలో చుట్టిన నాలుగు గాలపుముళ్లు, ఒక చిన్న నైలాను దారపు చుట్ట, సీసా బిరడాతో చేసిన బెండు ఒకటి. బెండుకు ఎర్రగా పారాణి పూసి వుంది. చూడగానే నా చేయి వణికింది.

అది మావాడి గాలం. 1993లో వాడు పదో తరగతి. సాయంకాలం లెక్కలు చేసుకోవలసినవాడు చెరువుగట్టున పిల్లలతో చేరి గాలం వేస్తున్నాడని ఎవరో చెప్పారు. నేను వెళ్లాను. నలుగురు పిల్లల ఎదుట ఆ వెదురు కర్రను మోకాలికి ఆనించి రెండుగా విరిచాను. "మిగిలినదంతా చెరువులో పారేసి ఇంటికి రా" అన్నాను. వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆ ఏడు మంచి మార్కులతో ప్యాసయ్యాడు. ఆ కర్ర విరవడంవల్లనే వాడు బాగుపడ్డాడని నేను చాలామందితో గొప్పగా చెప్పుకొన్నాను. వాడు పారేయక తల్లి చేతికిచ్చాడనీ, ఆవిడ దానిని 28 ఏళ్లు నాకు తెలియకుండా దాచిందనీ అప్పుడు తెలిసింది. ముళ్లకు త్రుప్పు పట్టకుండా నూనె గుడ్డ మారుస్తూ వచ్చింది కాబోలు! ఆవిడకు ఇష్టమైన పారాణి ఆ బెండుమీద ఇంకా వెలిసిపోలేదు.

డబ్బాను ఆవకాయ పొట్లాల మధ్య పెట్టి తాళం వేశాను. వాడికి ఇవ్వాలో మానాలో మాత్రం తేల్చుకోలేకపోయాను.

అక్కడికి వెళ్లిన తరువాత మొదటి ఆదివారం, తెల్లవారకముందే మావాడు పిల్లిలా అడుగులు వేసుకొంటూ బయటికి పోవడం చూశాను. చేతిలో పొడుగాటి సన్నని కర్ర. ప్రొద్దున్నే మనుమరాలు సంగతి చెప్పింది. దానికి పదేళ్లు. తెలుగు మాట్లాడుతుంది గాని, మాటలను కొత్త చెప్పుల్లా జాగ్రత్తగా వాడుతుంది. "తాతయ్యా, నాన్న చెరువుకి వెళ్తాడు. ప్రతి వారం. నువ్వు కూడా రా. నీ కోసం హ్యాట్ వుంది" అన్నది. ఆ తరువాతి ఆదివారం ముగ్గురమూ కలిసి వెళ్లాము.

పొరుగున వున్న రైతు ఒకాయన తన ఆవుల నీళ్లకోసం తవ్వించిన చెరువది. ఎకరంన్నర వుంటుందేమో, మన పల్లెల్లో అయితే బంద అంటారు. చుట్టూ ఎర్రమట్టి. అమెరికా అంటే ఏమో అనుకొన్నాను గాని, ఆ మట్టి చూస్తే మా గంజాం పొలాలే గుర్తుకు వచ్చాయి. ఒక ప్రక్క కలువాకులు, ఒక ప్రక్క తుంగ, నీటిమీద తూనీగలు.

వాడి గాలానికీ మన గాలానికీ పెద్ద తేడా వుంది. మన గాలంలో ఎర బరువో, సీసపు గుండు బరువో దారాన్ని లాక్కొని పోతుంది. వాడి ఎరకు బరువే లేదు: చిన్న బెండుముక్క, నాలుగు ఈకలు. అందుచేత బరువును దారానికే పెట్టారు. అది లావుపాటి దారం, నీటిమీద తేలుతుంది. దానిని కర్రతో తలమీదుగా వెనక్కి విసిరి, వెనక అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. దారం గాలిలో చుట్ట విప్పుకొంటూ పోయి, కొసనున్న ఎరను నీటిమీద దించుతుంది. కర్ర 9 అడుగులు. కర్రలకూ దారాలకూ నంబర్లు వున్నాయి. ఈ చేపకు 8వ నంబరు వాడుతున్నాడు మావాడు. లావు దారం చేప కంటబడకుండా, దాని కొసకు ఏడెనిమిది అడుగుల సన్నని నైలాను పోగు కడతారు.

ఎరను పాపర్ అంటారు. బెండు ముందుభాగం చిన్న గిన్నెలాగా గుంటగా చెక్కి వుంటుంది. దారాన్ని ఒక్క బెత్తెడు లాగితే ఆ గుంట నీటిని తోసి "బుడుక్" మంటుంది. వెనక ఈకల తోక, ప్రక్కల రబ్బరు కాళ్లు. క్రిందనుంచి చూసే చేపకు అది కప్పో, నీటిలో పడిన మిడతో అనిపిస్తుంది. మావాడున్న చోటికి ఎక్కువ దూరం లేని చట్టనూగా పట్టణంలో ఎర్నెస్ట్ పెకిన్‌పా అనే ఆయన, ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో ఇటువంటి బెండు ఎరలు చేసి వాడుకలోకి తెచ్చాడని చెబుతారు.

ఇక చేప. లార్జ్‌మౌత్ బాస్ దాని పేరు, అంటే పెద్దనోటిదన్నమాట. పేరుకు తగ్గట్టే నోటి మూల కంటిని దాటి వెనక్కి పోతుంది. ఒళ్లంతా ఆకుపచ్చ, ప్రక్కన పొడుగునా నల్లని చార. దాన్ని చూడగానే నాకు మన కొర్రమీను గుర్తుకు వచ్చింది. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకొంటుంది, దీనికి ఆ విద్య రాదు. కాని బుద్ధులు మాత్రం ఒక్కటే. రెండూ కలుపులో నక్కి కూర్చుంటాయి. రెండింటికీ కప్పంటే ప్రాణం. నా చిన్నతనంలో మా మేనమామ పొడుగాటి వెదురుకు చిన్న కప్పను గుచ్చి, తామరాకుల మధ్య నీటిమీద అలా అలా ఆడించేవాడు. "దభీ"మని నీళ్లు పగిలేవి. కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుగా తేలుతూ, క్రింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతూ వుంటే మాత్రం అక్కడ గాలం వేసేవాడు కాదు. "పిల్లలున్న యింటిమీద పడకూడదురా" అనేవాడు.

ఆ మాటే మావాడి నోట విన్నాను. గట్టు దగ్గర లోతు తక్కువ నీటిలో, ఇసుక తుడిచి పెట్టినట్టు గుండ్రని చోటు ఒకటి చూపించాడు. "గూడు నాన్నగారూ. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. తండ్రి తోకతో విసురుతూ కాపలా కాస్తుంది. ఈ ప్రక్క వేయవద్దు" అన్నాడు. మేనమామ పోయేటప్పటికి వాడు పుట్టనేలేదు. కొన్ని బుద్ధులు మనిషి చెప్పకుండానే వస్తాయి కాబోలు.

"పట్టినది వండుకోమా?" అని అడిగాను. బాస్‌ను వాడు వదిలేస్తాడట. నాకది పిచ్చిగా తోచింది, వదిలేదానికి పట్టడమెందుకు? అప్పుడు వాడు లెక్క చెప్పాడు, లెక్కల మాస్టరుకి. ఆ చెరువులో బాస్‌తోపాటు బ్లూగిల్ అనే అరచేతి వెడల్పు చేపలు వుంటాయి. అలబామా రాష్ట్రంలోని ఆబర్న్‌లో స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు 1930ల నుంచి చెరువులమీద పరిశోధనలు చేసి, ఈ రెండు జాతులనూ కలిపి పెంచే పద్ధతికి దారి వేశాడు. బ్లూగిల్ పిల్లలను బాస్ తింటుంది. బాస్‌లను ఎక్కువగా తీసేస్తే బ్లూగిల్‌లు చెరువునిండా పెరిగి, తిండి చాలక, అన్నీ గిడసబారి పోతాయి. అందుచేత వాడు ఈ చెరువులో బాస్‌ను వదలి, బ్లూగిల్‌ను ఇంటికి తెస్తాడు. లెక్క సరిపోయింది గనుక నేను ఒప్పుకొన్నాను. అదీకాక, బ్లూగిల్ పులుసు చింతపండు వేసి పెడితే బాగానే వుంటుంది. ముళ్లు మాత్రం కాస్త చూసుకోవాలి.

అందరూ వదిలేవారే అనుకోకండి. ఈ జాతిలో ప్రపంచ రికార్డు చేపను 1932 జూన్ 2న ఈ జార్జియాలోనే జార్జి పెర్రీ అనే పల్లెటూరి యువకుడు పట్టాడు. బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోల పైచిలుకు. కరువు రోజులు, తూకం వేయించి ఇంటికి పట్టుకుపోయి వండుకొన్నారు. ఆ రికార్డుకు సాటి రావడానికి 77 ఏళ్లు పట్టింది. 2009లో జపానులో బీవా సరస్సులో మనాబు కురిత అనే ఆయన సమానమైనదాన్ని పట్టాడు.

నా చదువు సంగతి చెప్పాలి. మొదటి రోజు ఎరను మూడుసార్లు చెట్టుకొమ్మకూ, ఒకసారి నా చొక్కాకూ తగిలించాను. మనుమరాలు గడ్డిలో పడి నవ్వింది. "వెనక్కి వెళ్లినదాన్ని పూర్తిగా సాగనివ్వండి నాన్నగారూ. అప్పుడు దానంతట అదే ముందుకు వస్తుంది" అని మావాడు విసుక్కోకుండా ఇరవైసార్లు చెప్పాడు. నేను వాడికి లెక్కలు చెప్పేటప్పుడు రెండోసారి చెప్పేవాణ్ని కాదు; రెండోసారి బెత్తం మాట్లాడేది.

రెండు మూడు ఆదివారాలకు ఎర నీటిమీద పడడం నేర్చింది. 30 అడుగులు పడితే చాలు, వేసవి ఉదయాల్లో చేప గట్టువారే వుంటుంది. ఎర పడగానే నీటిమీద వలయాలు పుడతాయి. అవి చెరిగిపోయేదాకా కదపకూడదు. తరువాత ఒక్కసారి "బుడుక్". మళ్లీ నిశ్శబ్దం. చేప ఆ చప్పుడును ఒంటి ప్రక్కనున్న పార్శ్వరేఖతో కూడా పసికడుతుందట. అడుగునుంచి వచ్చి కలువాకు నీడలో ఆగి చూస్తూ వుంటుంది. మనం వూరుకొన్నప్పుడే అది నోరు తెరుస్తుంది.

అక్కడే నేను తప్పుతూ వచ్చాను. నీళ్లు భళ్లున పగలగానే నా చేయి ఆగేది కాదు. ఎగిరిపడి కర్ర పైకి లాగేవాణ్ని. ఎర నా ముఖంమీదికి వచ్చేది. చేప చెరువులోనే వుండేది. అలా ఒకటి కాదు, అయిదు పోగొట్టుకొన్నాను. మావాడు ప్రతిసారీ ఒకటే మాట: "కనబడగానే లాగకండి. చప్పుడు విని లాగకండి. చేతికి బరువు తెలియాలి. బరువు తెలిసిన తరువాత ఎడమచేత్తో దారం లాగండి."

జూన్ నెలలో ఒక ఆదివారం. మావాడు అవతలి గట్టున వున్నాడు. నేనూ మనుమరాలూ ఇవతల. ఏదో మాట కలపాలని, "మీ నాన్నకు ఈ పిచ్చి ఎప్పటినుంచి తల్లీ?" అని అడిగాను.

"నాన్న హాస్పిటల్ నుంచి వచ్చినప్పటినుంచి" అన్నది అది, బ్లూగిల్ గాలంమీదనుంచి చూపు తిప్పకుండా.

"ఏ ఆస్పత్రి?"

"నాయనమ్మ చచ్చిపోయినప్పుడు. నాన్నకి కూడా కోవిడ్. ముక్కులో ట్యూబు వుంది. అమ్మ నన్ను కిటికీలోంచి చూపించింది. తరువాత నాన్నకి ఊపిరి సరిగా లేదు. మెల్లగా బయట తిరగమన్నారు. అప్పుడు ఈ అంకుల్ చెరువు దగ్గరికి రమ్మన్నాడు." ఒక్కక్షణం ఆగి నా వైపు తిరిగింది. "నీకు తెలియదా తాతయ్యా?"

నాకు తెలియదు. చేతిలో కర్ర వుంది, నీటిమీద ఎర వుంది; నా కళ్లకు ఏమీ కనబడలేదు. ఫోనులో వాడు ముఖం ఎందుకు చూపలేదో, రెండు ముక్కలకే మాట ఎందుకు ఆగిపోయిందో మూడేళ్ల తరువాత అర్థమయింది. ఒక్కడినే వున్న నాకు ఇంకొక బెంగ ఎందుకని దాచాడు. కోడలిచేతా దాపించాడు. నేను కనబడినదాన్ని చూసి లాగాను. బరువు తెలియకుండా లాగాను. చెరువుగట్టున ఆనాడు కర్ర విరిచినప్పుడూ అంతే చేశాను.

నీటిమీద వలయాలు ఎప్పుడో చెరిగిపోయాయి. నేను కదపలేదు, కదపాలని తోచలేదు. ఎంతసేపయిందో! చివరకు చేయి దానంతట అదే కొంచెం లాగింది. బుడుక్. నీళ్లు పగిలి ఎర మాయమయింది. ఈసారి నేను ఎగరలేదు. ఎగిరే ఓపిక లేక ఆగాను. దారం బిగిసి, ఎడమచేతికి బరువు తెలిసింది. అప్పుడు లాగాను.

చేప గాలిలోకి లేచి తల విదిలించింది. మనుమరాలి కేక విని మావాడు గట్టంతా చుట్టి పరుగెత్తుకొంటూ వచ్చాడు. వస్తూ దగ్గాడు, ఆ దగ్గు నేను రోజూ విన్నదే, అంతవరకు లెక్కచేయనిదే. "కర్ర పైకి పట్టండి నాన్నగారూ, దారం వదులు కానివ్వకండి!" అంటూ నీళ్లలో మోకాళ్లదాకా దిగి, చేప క్రింది పెదవిని బొటనవ్రేలితో పట్టి ఎత్తాడు. కిలో వుంటుందన్నాడు. ముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు చేతులతో నీటిలోకి దించాను. ఒక్కక్షణం నా చేతుల్లోనే ఆగి, తోక విదిలించి, ఆకుల క్రిందికి పోయింది.

"బాగా ఆగారు నాన్నగారూ" అన్నాడు మావాడు.

నేను ఏదో చెప్పాలనుకొన్నాను. మా తరంలో తండ్రులకు కొడుకుల ఎదుట తప్పు ఒప్పుకొనే భాష నేర్పలేదు. "గొంతుకు చన్నీళ్లు పడవు, ముందు బయటికి రా" అన్నాను. వాడు నా ముఖం చూశాడు, కూతురి ముఖం చూశాడు. సంగతి గ్రహించాడు. మారు మాట్లాడకుండా బయటికి వచ్చి నా ప్రక్కన గడ్డిలో కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాము.

ఆ రాత్రి జరదా డబ్బా తీసి వాడి ముందు పెట్టాను. "మీ అమ్మ పెట్టెలో వుంది. నేను పారేయమన్నాను, ఆవిడ పారేయలేదు. ఆవిడదే సరైన బుద్ధి" అన్నాను. ఆ మాత్రం చెప్పడానికి నాకు 31 ఏళ్లు పట్టింది. వాడు మూత తీసి పారాణి పూసిన బెండును అరచేతిలో పెట్టుకొన్నాడు. ఆనాడు కర్ర విరిగినప్పుడు ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకొన్నది.

అక్టోబరులో తిరిగి బరంపురం వచ్చాను. ఇప్పుడు ఆదివారం ఫోనులో మాకు మాట ఆగదు. ముఖాలు చూసుకొంటూనే మాట్లాడుకొంటున్నాము. మొన్న మనుమరాలు ఒక ఎర చూపించింది. నాయనమ్మ పారాణి బెండుకు వాళ్ల నాన్న ముందుభాగం గుంటగా చెక్కి, కొత్త ముల్లు కట్టి, రెండు ఈకలు తగిలించాడు. "దీంతోనే బ్లూగిల్ పట్టాను తాతయ్యా! నేనే ఆగాను. బరువు తెలిసిందాకా ఆగాను" అన్నది.

"తెలిసిందాకా కాదు తల్లీ, తెలిసేదాకా" అని దిద్దబోయాను. మళ్లీ ఆ మాట మింగి, "పులుసు ఎలా వుంది?" అని అడిగాను.